రంగం పెట్టెలో యుద్ధం ఫోటో దొరికిందా? ముందు ఇవి చూడండి

బరంపురంలో పాత తెలుగు ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీంచి ఏదో ఒక రోజు రంగం పెట్టె దిగుతుంది. గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగూన్ (మా వాళ్ల నోట్లో రంగం) వెళ్లి, నాలుగు డబ్బులు చేసుకుని తిరిగొచ్చిన తాతలు తెచ్చుకున్న ఇనప ట్రంకు. మా ఇంట్లో దిగినదాంట్లో తుప్పు పట్టిన తాళాల గుత్తి, చిరిగిన లుంగీ, దళసరి అట్టకి అంటించిన గోధుమరంగు ఫోటో ఒకటి ఉన్నాయి. ఫోటోలో వెనక పగోడా, ముందు నాలుగు ఫిరంగులు, వాటి పక్కన పదిమంది సిపాయిలు. "ఆ చివర నిలబడ్డాడే, ఆయనే మీ ముత్తాత, బర్మా యుద్ధానికి వెళ్లొచ్చాడు" అని మా పెద్దత్త ఎప్పుడూ ఖాయంగా చెప్పేది. అత్తతో వాదించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు, అందుకని నేను ఫోటోతో వాదన పెట్టుకున్నాను.

ఆ పనిలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీ పెట్టెలో యుద్ధం ఫోటో దొరికినా, ఫోన్‌కి ఎవరైనా "1857 నాటి అసలు ఫోటో" అని పంపినా ఇదే పద్ధతి పనికొస్తుంది. కావలసింది ఒక భూతద్దం (కంసాలి కంటికి పెట్టుకునేది అయితే మరీ మంచిది), ఒక ఫోన్, కాస్త ఓపిక. ఒక్క సంగతి గుర్తుంటే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి: ఆ కాలపు కెమెరాకి కదిలేది పడదు. పరిగెడుతున్న గుర్రం, పేలుతున్న గుండు, పైకెత్తిన కత్తి స్పష్టంగా కనిపిస్తే అక్కడే ఆగి అనుమానించండి.

తేదీలతో మొదలుపెట్టండి

ఫోటో సంగతి తర్వాత, ముందు ఆ యుద్ధం ఏ ఏడాదిదో చూడండి. పారిస్‌లో డాగేర్ అనే ఆయన ఫోటో తీసే పద్ధతి లోకానికి తెలిసింది 1839లో. అంతకు ముందు జరిగిన యుద్ధానికి ఫోటో ఉండదు, అంతే. బర్మాతో ఇంగ్లీషువాళ్లు మూడుసార్లు యుద్ధం చేశారు: 1824-26, 1852-53, 1885. మొదటిది ఆ లెక్కలోనే పోయింది. మాకు మిగిలినవి రెండు.

ఇంత చిన్న పరీక్షకే చాలా ఫార్వర్డ్‌లు పడిపోతాయి. పోయినేడు మా చుట్టాల గ్రూపులో "ఘుమ్సర్ యుద్ధంలో పట్టుబడిన కంధ వీరులు" అని ఒక ఫోటో తిరిగింది. గంజాం వాళ్లకి ఘుమ్సర్ అన్నా, అక్కడ ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డ కంధ నాయకుడు దొర బిసోయి అన్నా ఒక అభిమానం, ఎవరూ మారు మాట్లాడకుండా వరసగా దండం బొమ్మలు పెట్టేశారు. ఘుమ్సర్ పోరు 1835-37లో జరిగింది. కెమెరా మోసుకుని ఆ అడవుల్లోకి వెళ్లి మనుషుల్ని తీసుకొచ్చే పద్ధతే అప్పటికి లేదు. ఆ మాట రాస్తే మా మామయ్య ఒకాయన "మన చరిత్రనే కాదంటావా" అని కోప్పడ్డాడు. చరిత్రని కాదనలేదు మామయ్యా, ఫోటోని కాదన్నాను.

చేతిలో ఉన్నది ఏ రకం

నిజంగా చేతిలో కాగితమో రేకో ఉంటే పని తేలిక. అద్దంలా మెరిసే వెండిపూత రేకు మీద బొమ్మ ఉండి, ఒకవైపు వంచితే మామూలుగా, ఇంకోవైపు వంచితే నెగెటివ్‌లా కనిపిస్తే అది డాగేరియోటైప్. అమెరికా, మెక్సికోల మధ్య 1846-48లో జరిగిన యుద్ధంలో తీసినవి ఈ రకమే. దీనికి కాపీలు రావు, పైగా కుడి ఎడమలు తారుమారై ఉంటాయి కాబట్టి సిపాయి కత్తి తప్పు వైపు వేలాడుతుంటే కంగారు పడకండి. మన పెట్టెల్లో ఇది దొరకడం కష్టం.

రెండోది కాలోటైప్. టాల్బట్ అనే ఇంగ్లీషాయన 1841లో పేటెంట్ తీసుకున్నాడు. నెగెటివ్ కూడా కాగితమే, అందుకే బొమ్మ కాగితంలోకి ఇంకిపోయినట్టు మెత్తగా ఉంటుంది, అంచులు పదునుగా ఉండవు, మెరుపు ఉండదు. మన కథకి ఇది ముఖ్యం, ఎందుకంటే బెంగాల్ ఆర్మీలో డాక్టరుగా పనిచేసిన జాన్ మెకోష్ రెండో సిక్కు యుద్ధం (1848-49) రోజుల్లోనూ, రెండో బర్మా యుద్ధంలోనూ ఈ పద్ధతిలోనే ఫోటోలు తీశాడు. పేరు తెలిసిన యుద్ధ ఫోటోగ్రాఫర్లలో మొదటివాడిగా ఆయన్నే చెబుతారు. ఎవరూ డబ్బిచ్చి పంపలేదు, వైద్యం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు తోటి ఆఫీసర్ల మొహాలు, పగోడాలు, పట్టుబడ్డ ఫిరంగులు తీసుకున్నాడు. పగోడా, ఫిరంగి అని చదవగానే మాది మెకోష్ తీసిందేమోనని నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. తీరా చూస్తే మాది మెరిసే కాగితం.

ఆ మెరుపు కోడిగుడ్డు తెల్లసొనది. పలచటి కాగితానికి తెల్లసొన పూసి, సిల్వర్ నైట్రేట్ పట్టించి, గాజు నెగెటివ్ కింద పెట్టి ఎండలో ప్రింటు తీసేవారు. దాన్ని ఆల్బుమెన్ ప్రింటు అంటారు. కాగితం పలచన కావడంతో చుట్టుకుపోతుంది, అందుకే దళసరి అట్టకి అంటించేవారు. భూతద్దంలో సన్నటి పగుళ్లు కనిపిస్తాయి, తెల్లగా ఉండాల్సిన చోట పసుపు తిరిగి ఉంటుంది. 1850ల నుంచి 1890ల దాకా ఎక్కువగా ఇవే.

అదే భూతద్దంలో బొమ్మంతా చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది పుస్తకంలోనో పత్రికలోనో అచ్చయినది. పత్రికల్లో ఫోటోని ఫోటోగా అచ్చు వేయడం 1880 ప్రాంతంలో గాని మొదలవలేదు. అంతకు ముందు ఫోటో చూసి చెక్క మీద చెక్కి అచ్చు వేసేవారు, చెక్కేవాడు తనకి తోచిన పొగ, మబ్బులు కలిపేవాడు. నిన్నటి అచ్చులో మొన్నటి ఫోటో ఉండొచ్చు, ఆ రెండింటి వయసూ విడివిడిగా లెక్కపెట్టుకోవాలి.

ఏది కదిలింది, ఏది కదల్లేదు

అసలు పని ఇక్కడుంది, నిదానంగా చదవండి. మా నాన్నకి బడ బజార్‌లో చిన్న స్టూడియో ఉండేది, ఫోటోలు కడిగే గదిలో హైపో వాసన మధ్య పెరిగాను కాబట్టి నాకు దీని మీద కొంచెం పక్షపాతం ఉంది.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఇంగ్లీషాయన తడి ప్లేటు పద్ధతి ప్రకటించాడు. గాజు పలక శుభ్రంగా తుడిచి, మీద కొలోడియన్ పోసి, పెనం మీద నూనె తిప్పినట్టు నాలుగు మూలలకీ పారేలా వంచాలి. కొలోడియన్ అంటే యాసిడ్లలో నానబెట్టి తీసిన దూదిని ఈథర్, ఆల్కహాల్ కలిపిన దాంట్లో కరిగించిన జిగురు. ఆ దూదినే గన్‌కాటన్ అంటారు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఆ జిగురునే డాక్టర్లు గాయాల మీద పూసేవారు. జిగురు పట్టిన పలకని చీకట్లో సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచి, తడి ఆరకుండానే కెమెరాలో పెట్టి, ఫోటో తీసి, మళ్లీ చీకట్లోకి పరిగెత్తి డెవలప్ చేయాలి. అంతా కలిపి పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి, ఆరిందా పలక వృథా. అంటే కెమెరా ఎక్కడికి వెళ్తే డార్క్ రూమ్ కూడా దాని వెనకే వెళ్లాలి.

1855 మార్చిలో రోజర్ ఫెంటన్ అనే ఇంగ్లీషు ఫోటోగ్రాఫర్, రష్యాతో యుద్ధం జరుగుతున్న క్రిమియాలో దిగినప్పుడు ఆయన వెంట 5 కెమెరాలు, 700 గాజు పలకలు, 36 పెట్టెల సామాను, ఒకప్పుడు వైన్ వ్యాపారి సరుకు తోలిన గుర్రబ్బండి ఉన్నాయి. బండే డార్క్ రూమ్. ఎండకి వేడెక్కకుండా దానికి లేత రంగు వేయించాడు, ఆ లేత రంగే దూరం నుంచి రష్యా ఫిరంగులకి గురి అయింది. వైశాఖంలో బరంపురం ఎండలో కారు అద్దాలన్నీ ఎత్తేసి, ఏసీ లేకుండా, ఈథర్ వాసన పీలుస్తూ కూర్చోండి, ఆయన పని మీకు అర్థమవుతుంది. జూన్‌లో కలరా తగిలి ఇంటికి బయల్దేరేసరికి 360 దాకా ఫోటోలు తీశాడు. వాటిలో పోరాటం లేదు, శవం లేదు. గుడారాలు, ఓడరేవు, కుర్చీల్లో కూర్చున్న ఆఫీసర్లు. ఆయన్ని పంపింది మాంచెస్టర్‌లో బొమ్మలు అమ్మే వ్యాపారి, ఇంట్లో గోడకి తగిలించుకునే సరుకే కావాలి ఆయనకి. అది ఒక కారణం. ఇంకో కారణం ఒక్కో ఫోటోకి 3 నుంచి 20 సెకన్లు పట్టడం.

20 సెకన్లంటే ఏమిటో చదివితే తెలియదు, చేసి చూడండి. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ పెట్టి, ఐఎస్ఓ అన్నిటికంటే తక్కువకి దించి, షటర్ 8 సెకన్లకి పెట్టండి. ఎండలో అంతా తెల్లగా పోతుంది కాబట్టి మసక చీకటి పడే వేళ వెళ్లండి, ఫోన్‌ని గోడకి ఆనించి టైమర్ పెట్టండి. నేను పాత బస్టాండ్‌లో చేశాను. ఆగిన బస్సులు, బోర్డులు, గోడలు కత్తిరించినట్టు వచ్చాయి. వందల మంది జనం మాయం. కూడలిలో ఆవిరి లాంటి మసక, అంతే. టీ కొట్టు దగ్గర కదలకుండా ఫోన్ చూసుకుంటున్న పెద్దాయన ఒక్కడే మనిషిలా పడ్డాడు. డాగేర్ 1838లో పారిస్ వీధి ఒకటి తీస్తే అందులోనూ అంతే, బళ్లూ జనమూ ఏమీ లేవు, బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ ఒకాయన మాత్రం ఉన్నాడు.

ఇప్పుడు మీ ఫోటోకి రండి. జెండా అంచు చూడండి, గుర్రం తల, తోక చూడండి, చెట్ల ఆకులు చూడండి. తడి ప్లేటు ఫోటోలో ఇవి కొంచెమైనా చెదిరి ఉంటాయి. గుర్రానికి రెండు తలలున్నట్టు కనిపిస్తే ఆనందించండి, అసలైనదయ్యే అవకాశం ఎక్కువ. మనుషులు దేన్నో ఆనుకునో, కూర్చునో, పడుకునో ఉంటారు, తీరిగ్గా ఉన్నారని కాదు, కదలకుండా ఉండడానికి. చిన్న ప్లేటు వాడి ఎండ బాగా ఉన్నప్పుడు తీస్తే ఇంకా తక్కువ సమయం సరిపోయేది, కాబట్టి ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పేయకండి. 1870ల చివర్లో జిలాటిన్ పూసిన ఆరిన ప్లేట్లు బజార్లోకి వచ్చాక లెక్క మారింది, సెకనులో చిన్న వంతు చాలు, నడిచే మనిషి కాలు కూడా ఆగిపోతుంది.

ఆకాశం కూడా చూడండి. ఆ ప్లేట్లకి నీలం మీద మోజెక్కువ, ఎరుపు కనపడదు. నీలాకాశం సున్నం వేసినట్టు తెల్లగా పోతుంది, ఎర్ర కోటు నల్లగా వస్తుంది. 1850ల ఫోటోలో నేలా, దాని పైన అందమైన మబ్బులూ రెండూ చక్కగా ఉంటే మబ్బులు ఇంకో నెగెటివ్ నుంచి తెచ్చి అతికించి ఉండొచ్చు.

కెమెరా ఎప్పుడు వచ్చింది

యుద్ధం తేదీ, ఫోటో తేదీ ఒకటి కావు. కాగితం తీసుకుని ఈ రెండూ పక్కపక్కన రాయండి, మధ్యలో ఎన్ని రోజులో చూడండి, ఆ ఖాళీలో ఏం జరిగి ఉంటుందో ఆలోచించండి.

లక్నోలో సికందర్ బాగ్ ఉంది. 1857 నవంబరులో అక్కడ 2,000 మంది దాకా సిపాయిలని ఇంగ్లీషు సైన్యం చంపింది. ఫెలిస్ బియాటో అనే ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలో విరిగిన గోడల ముందు ఎముకలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి, ముందు వరసలో పుర్రెలు, వెనక నలుగురు మనుషులు. చూస్తే నిన్ననే జరిగినట్టుంటుంది. కానీ బియాటో హిందూస్తాన్‌లో దిగిందే 1858లో, ఆ ఫోటో తీసింది ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో. ఫోటో కోసం ఎముకలని బయటికి తీయించారని అప్పట్లో అక్కడున్న ఒక ఇంగ్లీషు అధికారి తర్వాత రాసుకున్నాడు. చంపింది నిజం, చనిపోయినవాళ్లు నిజం, ఆ ఎముకలు పడి ఉన్న తీరు మాత్రం ఫోటోగ్రాఫరుది. ఇది చూశాక నాకు బియాటో మీద కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

అమెరికాలో అంతర్యుద్ధం (1861-65) అప్పుడు ఖాళీ తగ్గింది. ఆంటీటమ్ దగ్గర 1862 సెప్టెంబరు 17న యుద్ధం జరిగితే, ఒకటి రెండు రోజుల్లోనే, శవాలని పూర్తిగా పూడ్చకముందే ఫోటోగ్రాఫర్ అలెగ్జాండర్ గార్డ్‌నర్ అక్కడున్నాడు. అక్టోబరులో న్యూయార్క్‌లో మాథ్యూ బ్రాడీ గ్యాలరీలో ఆ ఫోటోలు పెడితే జనం విరగబడి చూశారు. అమెరికా మొదటిసారి తన బిడ్డల శవాలని ఫోటోల్లో చూసింది. ఇక్కడ ఇంకో జాగ్రత్త: ప్రింటు మీద బ్రాడీ పేరుంటే బ్రాడీయే తీశాడనుకోకండి. మన స్టూడియోల్లో లాగే, కుర్రాళ్లు తీసేవారు, ఓనరు ముద్ర పడేది. గార్డ్‌నర్ తర్వాత విడిపోయి సొంత షాపు పెట్టుకున్నాడు.

ఆ గార్డ్‌నరే 1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధం తర్వాత ఒక కుర్ర సిపాయి శవాన్ని రాళ్ల మధ్య పడుకోబెట్టి, పక్కన గోడకి తుపాకి ఆనించి, చాటునుంచి గురిచూసి కాల్చేవాడి స్థావరం అని పేరు పెట్టాడు. వందేళ్ల తర్వాత పరిశోధకులు మిగతా ఫోటోలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అదే కుర్రాడు వేరే చోట, వాలు మీద పడి ఉన్నాడు. అక్కణ్నుంచి దాదాపు 40 గజాలు మోసుకొచ్చి పెట్టారు. తుపాకి కూడా గురిచూసి కాల్చేవాళ్లు వాడే రకం కాదు, ఫోటోగ్రాఫర్ల సామానులోది.

ఇంకో కాపీ వెతకండి

గార్డ్‌నర్ సంగతి బయటపడింది ఒక ఫోటోతో కాదు కదా. ఒకే చోట తీసిన రెండోది, మూడోది ఎప్పుడూ వెతకాలి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఫెంటన్‌వి 263 ప్రింట్లు ఉన్నాయి, అంతర్యుద్ధం ఫోటోలు వేలల్లో, డబ్బు కట్టక్కర్లేదు. చిన్న బొమ్మ చూసి వదిలేయకండి, టిఫ్ ఫైలు దించుకుని కంప్యూటర్లో పెద్దది చేసుకోండి. ఫైలు పెద్దది, మొబైల్ డేటా అయిపోతుంది, వైఫై ఉన్నచోట చేయండి.

ఫెంటన్ 1855 ఏప్రిల్‌లో సెబాస్టొపోల్ దగ్గర ఒక లోయ తీశాడు. ఆ లోయకి సైనికులు పెట్టుకున్న పేరు మృత్యుచ్ఛాయ లోయ. కెమెరా ఒకే చోట పెట్టి తీసినవి రెండున్నాయి. ఒకదాంట్లో ఫిరంగి గుండ్లు పక్క పల్లంలో పడి ఉంటాయి, దారి ఖాళీ. ఇంకోదాంట్లో దారి నిండా గుండ్లు. ఏది ముందు? 2007లో ఎర్రల్ మోరిస్ అనే అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు దీనికోసం క్రిమియా దాకా వెళ్లాడు. నీడలని బట్టి తేలుతుందనుకుంటే తేలలేదు. చివరికి వాలు మీదున్న చిన్న చిన్న రాళ్లు పట్టించాయి. గుండ్లు దారి మీదున్న ఫోటోలో ఆ రాళ్లు కొంచెం కిందికి జారి ఉన్నాయి. రాయి కిందికే జారుతుంది గాని పైకి ఎక్కదు, కాబట్టి ఖాళీ దారి ముందు తీసింది. రెండు ఫోటోలు దించుకుని మీరే ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, ఆదివారం మధ్యాహ్నం బాగా గడుస్తుంది.

కెమెరా వెనక ఉన్నవాడి చేతిలో ఇంకేం ఉంది

ఈ ప్రశ్న నాకు ఆలస్యంగా తట్టింది. విలోబీ వాలెస్ హూపర్ మద్రాసు సైన్యంలో ఆఫీసరు. మన రాయలసీమ జనం ధాత కరువు అని చెప్పుకునే 1876-78 కరువులో బొమికల గూళ్లలా మారిన మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీసిన ఫోటోలు ఆయనవే. మూడో బర్మా యుద్ధం తర్వాత మాండలేలో ఆయన ప్రొవోస్ట్ మార్షల్, అంటే మరణశిక్షలు అమలు చేయించే అధికారి. 1886లో బందిపోట్లని ముద్ర వేసిన బర్మా వాళ్లని గోడకి నిలబెట్టి కాల్చేటప్పుడు కెమెరా సిద్ధం చేసుకుని, గుండు తగిలే క్షణమే పడేలా చూసుకున్నాడు. ఆరిన ప్లేటు వచ్చింది కదా, ఇప్పుడు క్షణం దొరుకుతుంది. లండన్ పత్రికల్లో గొడవై, విచారణ జరిగి, ఆయన్ని మందలించారు. కాల్చమనేదీ, ఫోటో తీసేదీ ఒకే మనిషైతే ఆ ఫోటోలో ఎవరి మొహం ఎటు చూస్తోందో గమనించండి. శిక్షలు, ఖైదీలు, లొంగిపోయిన రాజులు ఉన్న ఏ ఫోటోకైనా ఇదే చేయండి. 1858 మేలో రాబర్ట్ టైట్లర్, చార్లెస్ షెపర్డ్ తీసిన బహదూర్ షా జఫర్ ఫోటో ఉంది, మంచం మీద ఆనుకుని ఉన్న ముసలాయన, చక్రవర్తిగా కాదు, ఖైదీగా.

మా ఫోటో సంగతి

ఆల్బుమెన్ కాగితం, గాజు నెగెటివ్. ఫిరంగి చక్రం పక్కన ఒక కుక్క నడుస్తోంది, ఒక కాలు గాల్లో ఉంది, తోక కూడా స్పష్టంగా పడింది. ఈ లెక్కన ఆరిన ప్లేటు అనుకోవాలి, 1852 యుద్ధం కొట్టేయాలి. చక్రాల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది, అంటే ఆ ఫిరంగులు చాలాకాలంగా అక్కడే ఉన్నాయి, వాడకానికి కాదు, చూపించడానికి పెట్టినవి. కింద మూల తెల్లటి అక్షరాల్లో ఒక నంబరుంది. నెగెటివ్ మీద సిరాతో రాస్తే ప్రింటులో అలా తెల్లగా వస్తుంది. అమ్మకానికి తీసే స్టూడియోలు అలా నంబరు వేసేవి, నంబరు చెబితే కాపీ కడిగి ఇచ్చేవారు. మీ ఫోటోకి నంబరుంటే అది ఇంటి ఫోటో కాదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

తేల్చుకోవడానికి అట్ట వెనక్కి తిప్పాలి. చేతులు కడిగి పొడిగా తుడుచుకుని, అంచులు పట్టుకుని తిప్పండి. తడి గుడ్డతో తుడవకండి, లామినేషన్ చేయించకండి, అట్ట నుంచి ఊడదీయకండి. అట్ట కూడా సాక్ష్యమే. పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ముందూ వెనకా ఫోన్‌తో ఫోటో తీసి, ప్లాస్టిక్ కవర్లో కాకుండా మామూలు కాగితం కవర్లో పెట్టండి. ఏమైనా రాయాలంటే వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి.

మా అట్ట వెనక అప్పటికే పెన్సిల్‌తో రాసి ఉంది, 8 అణాలు అని. ముత్తాత రంగంలో ఏదో కొట్లో కొనుక్కున్నాడు. అత్తకి మొత్తం విడమరిచి చెప్పాను, కుక్క కాలు, గడ్డి, నంబరు, అణాలు అన్నీ భూతద్దంలో చూపించాను. అన్నీ ఓపిగ్గా చూసింది. "కొన్నాడే అనుకో, తన ఫోటో ఉంది కాబట్టే కొన్నాడు" అంది.